ఎవరికీ అమ్మని పేరు

ఫిబ్రవరి 11, మంగళవారం

ఇవాళ మధ్యాహ్నం ఒకావిడ మోకాళ్ల దాకా రబ్బరు బూట్లతో మా కిడ్నీ వార్డులోకి దూసుకొచ్చింది. నేను అక్కడే ఉన్నాను. నర్సుల బల్ల కింద దూరి ప్రింటరు తీగ సరిచేస్తున్నాను. కాబట్టి ముందు నాకు కనబడింది బూట్లే. వాటితోపాటు పేడ వాసన.

"ఆరో మంచం ఎక్కడ?"

హెడ్ నర్సు సఫియ్యా లేచి నిలబడింది. "ఎవరమ్మా మీరు? చూడ్డానికి వచ్చే వేళా ఇది? ఆ బూట్లేంటి, వాటితో వార్డులోకా?"

"బూట్ల సంగతి తర్వాత. ఆరో మంచం మీద హాజ్ మస్ఊద్ అనే పెద్దాయన ఉన్నాడా లేదా? ఆయనకెక్కుతున్న సెలైన్లో పొటాషియం ఉంది. ఆపెయ్. ముందు ఆపు, తర్వాత తీరిగ్గా నన్ను తిట్టుకో."

"మీరు ఆయనకి ఏమవుతారు?"

"ఏమీ అవను. నేను గేదెల డాక్టర్ని."

వార్డులో సగం మంది నవ్వారు. నేనూ నవ్వాను, బల్ల కింద. ఆవిడ నవ్వలేదు. తన ఫోను తీసి సఫియ్యా ముక్కు ముందు పెట్టింది. దాంట్లో మా డాక్టర్ లామియా రాసిన ఈమెయిల్ ఉత్తరం: ఆరో మంచం పేషెంటుకి పొటాషియం ఏడు దాటింది, సెలైన్ వెంటనే ఆపండి, కాల్షియం ఇవ్వండి, నేను బయల్దేరుతున్నాను, ఫోను ఎంతకీ కలవడం లేదు. మా వార్డు చిరునామాకి రాసిన ఉత్తరం అది. గంటన్నర కిందట.

సఫియ్యా ఆరో మంచం వైపు పరిగెత్తింది.

లామియా వచ్చేసరికి ఇంకో గంట. ఓడలు నడిచే కాలువ అవతల ఫెర్రీ దగ్గర ఇరుక్కుపోయిందట, వరసగా ఓడలు వెళ్తుంటే ఆపేశారు. ఆ గంట కూడా సెలైన్ నడిచి ఉంటే హాజ్ మస్ఊద్ గుండె ఆగిపోయేదని ఆవిడే చెప్పింది.

ఆ బూట్లావిడ పేరు డాక్టర్ ఇన్షిరాహ్. ఊరి పక్క నెఫీషాలో ఆవిడది పశువుల ఆసుపత్రి. ఉత్తరం చూడగానే కింద మా రిసెప్షన్ బల్లకి ఫోన్ చేసిందట. "ఇది మనుషుల ఆసుపత్రి, మీకు నంబరు తప్పింది" అని పెట్టేశారట. మళ్లీ చేస్తే మళ్లీ అదే. చేతిలో పని వదిలేసి బండెక్కి వచ్చేసింది.

హాజ్ మస్ఊద్‌కి పరవాలేదని తెలిశాక ఎవరూ కుర్చీ చూపించలేదు, నీళ్లివ్వలేదు. "నా గేదె సగం ఈనింది, వస్తా" అని వెళ్లిపోయింది. నేల మీద బూటు ముద్రలు తలుపు దాకా ఉన్నాయి. తుడవడానికి వచ్చినామెతో కాసేపు ఉండనీ అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.


ఫిబ్రవరి 12

మా ఉత్తరం ఆవిడకెలా చేరిందో తెలుసుకోవడం కష్టం కాలేదు. దాన్ని డైరెక్టర్ బహ్గత్ గారికి ఎలా చెప్పాలన్నదే కష్టం. ఇక్కడ రాసి చూసుకుంటాను.

మా ఇంట్లో అక్కని నూసా అంటాం. ఇంట్లో నూసా అని పిలిస్తే అక్కే పలుకుతుంది. బజార్లో నిలబడి నూసా అని కేకేస్తే ఎవరు తిరిగి చూస్తారో ఎవరికి తెలుసు? మన ఆసుపత్రి కంప్యూటర్లు ఒకదాన్నొకటి పిలుచుకునే పేరు హుద్‌హుద్ డాట్ క్లినిక్. ఆ పేరు మనం ఎవరినీ అడిగి తీసుకోలేదు సార్, పెట్టేసుకున్నాం. అప్పటికి ఇంటర్నెట్‌లో డాట్ కామ్ లాగా 'క్లినిక్' అనే తోకే లేదు కాబట్టి బజార్లో నూసా ఎవరూ లేరు. తర్వాత ఆ తోకని అమ్మకానికి పెట్టారు. ఇన్నేళ్లూ ఎవరూ మన పేరు జోలికి రాలేదు. ఈ చలికాలానికి ముందు డాక్టర్ ఇన్షిరాహ్ తన ఆసుపత్రి కోసం దాన్ని కొనుక్కున్నారు. న్యాయంగా. ఆవిడ ఆసుపత్రి పేరూ హుద్‌హుదే.

ఇప్పుడు గోడల లోపల ఆ పేరు మనది. గేటు దాటితే ఆవిడది. డాక్టర్లు ఇంటి నుంచి ఆ పేరుతో మన వార్డుకి రాస్తే ఉత్తరం నెఫీషా పోతుంది. ఇదివరకు అలా రాస్తే తిరిగొచ్చేది, రాసినవాళ్లకి తెలిసేది. ఇప్పుడు తిరిగిరాదు సార్. చేరుతుంది. వేరే ఇంటికి.

బాగానే ఉంది. దీని తర్వాత ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే. ఆ పేరు పెట్టింది ఎవరు?

నేను చేరకముందు సంగతి, నాకు తెలియదని చెప్పొచ్చు.

తెలుసు. థర్వత్ ఉస్తాద్. నాకు పని నేర్పిన మనిషి. కిటికీ బయట పచ్చిక మీద హుద్‌హుద్ పిట్ట తలమీది ఈకల కిరీటం విప్పుకుని తిరుగుతుంటే చూసి పెట్టానని నాకు చాలాసార్లు చెప్పారు, మురిసిపోతూ.

ఇవాళ డైరెక్టర్ గారి గదిలోకి వెళ్లడానికి కుదరలేదు. పని ఎక్కువగా ఉంది.


ఫిబ్రవరి 13

నేను తయారుచేసుకున్నదంతా చెప్పనే లేదు. డైరెక్టర్ గారు నూసా దగ్గరే ఆపేశారు.

"ఇంజనీరమ్మా, నాకు కథలొద్దు. మన ఉత్తరాలు ఆవిడ ఫోన్లో ఉన్నాయా లేవా?"

"ఉన్నాయి సార్."

"మనం ఇచ్చామా?"

"ఇవ్వలేదు, కానీ..."

"ఇవ్వకుండా తీసుకుంటే దాన్నేమంటారు? మీరు ఒక రిపోర్టు రాయండి. మిగతాది మన లాయరు చూసుకుంటాడు."

రోగి బంధువులు ఊరంతా చెప్పేలోపు మనమే ముందు కేసు పెట్టాలని ఆయన ఆలోచన. సాంకేతిక రిపోర్టు మీద ఇంజనీరు సంతకం ఉండాలట.

ఆదివారం రాస్తాను.


ఫిబ్రవరి 16, ఆదివారం

రాయడానికి ముందు అవతలివాళ్ల పరికరాలు చూడాలి కదా. అందుకే నెఫీషా వెళ్లాను. పని మీదే వెళ్లాను.

ఆవిడ చెయ్యి భుజం దాకా గేదె లోపల ఉంది. నన్ను చూసి, "ఎవరు? మొన్న బల్ల కింద నవ్విన పిల్లవా?" అంది.

ఇంత సిగ్గు నా జన్మలో పడలేదు.

"నేను ఆసుపత్రి నెట్‌వర్క్ ఇంజనీర్ని, డాక్టరమ్మా. రావియా."

"ఇన్నాళ్లకి ఒకళ్లొచ్చారు! డిసెంబరులో రెండుసార్లు నేనే వచ్చాను మీ ఆసుపత్రికి. మీ ఉత్తరాలు మా ఇంటికొస్తున్నాయి మొర్రో అంటే, పక్క సందులో పోస్టాఫీసుంది, అక్కడ చెప్పుకో అన్నాడు మీ బల్ల దగ్గరివాడు. ఆ బకెట్ ఇటు జరుపు. కాలితో కాదు, చేత్తో."

జరిపాను. ఆవిడ చెయ్యి కడుక్కుని, టీ పెట్టి, అప్పుడు కంప్యూటర్ తెరిచింది. ఆ పేరుతో ఏ చిరునామాకి ఏం వచ్చినా ఒకే పెట్టెలో పడేలా ఎవరో ఏర్పాటు చేసిచ్చారట. ఏ రైతయినా స్పెల్లింగు తప్పు రాస్తే ఉత్తరం పోకూడదని. ఆ పెట్టె నిండా మేమే ఉన్నాం. రక్తపరీక్షలు, సెలవు చీటీలు, ఒక డాక్టరు ఇంకో డాక్టరు మీద చెప్పిన చాడీలు.

"ఇవన్నీ చదివారా?"

"మొదట్లో నాకే రాశారనుకుని చదివాను. రోగుల సంగతులని తెలిశాక మానేశాను. రోజూ పైన వరస మాత్రం చూస్తా. 'వెంటనే' అనో 'ప్రమాదం' అనో ఉంటే తెరుస్తా. లేకపోతే తెరవను. ఏం, అది కూడా మానెయ్యమంటావా?"

 మంగళవారం ఆవిడ అది మానేసి ఉంటే?

ఇంకోటి చూపించింది. మా డాక్టర్ల లాప్‌టాప్‌లు ఇంటికెళ్లాక కూడా ఆసుపత్రిలోనే ఉన్నామనుకుని ఆ పేరుని పిలుస్తుంటాయి. అలా పిలిచినప్పుడల్లా ఆవిడ కంప్యూటర్ తలుపు తట్టి, తమ పేరూ తాళం కూడా, అంటే పాస్‌వర్డు కూడా, చెప్పేస్తున్నాయి. ఆవిడ మాత్రం తలుపు తియ్యకుండా పెట్టింది. మా వాళ్ల తాళాలు ఎక్కడా దాచుకోవద్దని తన కంప్యూటర్‌కి చెప్పించి పెట్టింది. నాకు తెలిసి అడ్రసు పుస్తకమే సరిగ్గా వాడని మనుషులున్నారు. అరవై దాటిన ఈ పశువుల డాక్టరు, పొరపాటున తన గుమ్మంలో వాలిన పరాయి రహస్యాలని ఎంత జాగ్రత్తగా తాకకుండా ఉంచిందో!

"మా డైరెక్టరు గారు ఆ పేరు కొంటామంటారేమో, డాక్టరమ్మా."

"అమ్మను. మీవాళ్లు ఆ కంప్యూటర్లు పుట్టించకముందే నా బోర్డు మీద ఆ పిట్ట ఉంది. ఈ కాలువ పొడుగునా ఏ రైతుకైనా చెప్పు, హుద్‌హుద్‌కి తీసుకెళ్లమని, గాడిద తనంతట తనే ఇక్కడికొస్తుంది."

రిపోర్టు సంగతి ఆవిడకి చెప్పలేదు. అవసరం రాలేదు.


ఫిబ్రవరి 19

రాయలేదు. తీరిక లేదు.


ఫిబ్రవరి 23

రిఫ్అత్‌కి మొత్తం చెప్పాను. మా ఆయన ఫెర్రీ నడుపుతాడు. రోజంతా అటు ఇటు తప్ప ఇంకో దిక్కు తెలియని మనిషి. ఏదడిగినా ముందు నవ్విస్తాడు.

"సంతకం పెడితే ఏమవుతుంది?"

"ఆవిడ మీద కేసవుతుంది. కంప్యూటర్ దొంగతనం కింద. లైసెన్సు పోవచ్చు. జైలు కూడా అంటున్నాడు లాయరు."

"పెట్టకపోతే?"

"నా ఉద్యోగం. ఉన్నదున్నట్టు రాస్తే థర్వత్ ఉస్తాద్ ఉద్యోగం. ఈ ఏడాది చివరికి రిటైరవ్వాలి ఆయన."

 ఈసారి నవ్వించలేదు. "నేనైతే ఒడ్డు చూసుకుని ఆపేవాడిని. నీకు ఏ ఒడ్డూ కనబడట్లేదు కదూ," అన్నాడు. వెళ్లి నాకు పప్పు పులుసు వేడిచేసి తెచ్చాడు.


ఫిబ్రవరి 25

లాయరు తనే ఒక కాగితం తయారుచేసి పంపాడు. నేను సంతకం పెడితే చాలట. 'మా సంస్థ పేరును దురుద్దేశంతో హస్తగతం చేసుకుని' అని మొదలైంది. ఆ దురుద్దేశం గల మనిషి నాకు ఇచ్చిన టీలో పుదీనా ఎక్కువేసింది, నాకు దగ్గు ఉందని చూసి.

వచ్చే ఆదివారంలోపు ఇవ్వాలి.


ఫిబ్రవరి 27

థర్వత్ ఉస్తాదే నా బల్ల దగ్గరికొచ్చారు. రెండు వారాలుగా నేను ఆయన్ని తప్పించుకు తిరుగుతున్నానని ఆయనకి తెలుసు. తప్పించుకు తిరగడం లేదని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను.

"రావియా తల్లీ, ఆ కాగితం చూపించు."

చూపించాను. కళ్లజోడు పైకి తోసుకుని చదివారు. "భాష బాగా రాస్తాడు లాయరు" అని ఎగతాళి చేస్తారేమోననుకున్నాను. చెయ్యలేదు. చొక్కా జేబులోంచి మిఠాయి తీసి నాకిచ్చారు, చేరిన మొదటి వారంలో ఇచ్చినట్టే.

"ఆ తోక అమ్మకానికి వచ్చిందని చదివిన రోజే మార్చేద్దామనుకున్నాను. మార్చాలంటే ఆసుపత్రిలో ప్రతి యంత్రాన్నీ తట్టిలేపాలి. ఈ ఏడాది కాదులే, వచ్చే ఏడాది అనుకున్నాను. హుద్‌హుద్ పేరు ఎవడికి కావాలిలే అనుకున్నాను. ఆ గేదెల డాక్టరు రాకపోతే ఇవాళ ఒక మనిషి ప్రాణం నా మెడకి చుట్టుకునేది."

"మీరొక్కరే కాదు ఉస్తాద్, ఊళ్లో అందరూ అలాగే పేర్లు పెట్టుకున్నారు అప్పట్లో."

"ఊళ్లో అందరి సంగతీ ఎందుకు? ఆదివారం నువ్వు డైరెక్టర్ దగ్గరికి ఎన్నింటికి వెళ్తున్నావ్?"


మార్చి 2, ఉపవాసాల రెండో రోజు

ఏం రాయాలో తెలుస్తోంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

సంతకం పెట్టను అని నేనే ముందు చెప్పాను. ఇది రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే రేపటికి ఉస్తాద్ చెప్పమంటే చెప్పానని నాకే అనిపించవచ్చు. ఆయన ఇంకా గదిలోకి రాలేదు.

బహ్గత్ గారికి ఉపవాసం రెండో రోజే తలనొప్పి పట్టుకుంది. "మీకు జీతం ఇచ్చేది నేనా, ఆ గేదెలా?"

"సార్, ఆవిడ ఏమీ తీసుకోలేదు. మనమే ఆవిడ ఇంట్లో పడేస్తున్నాం. కోర్టులో ఎవరైనా ఇంజనీరు ఇదే చెప్తాడు."

అప్పుడే ఉస్తాద్ తలుపు తోసుకొచ్చారు. కూర్చోమనకుండానే కూర్చున్నారు. ఆయన అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఆ పేరు నేను పెట్టాను, డైరెక్టర్ గారూ. దాన్ని మార్చాలని తెలిసీ మార్చనిది నేనే. రిపోర్టు నేను రాశాను, సంతకం కూడా పెట్టాను. ఆ అమ్మాయి పేరు దీంట్లో లేదు." బల్ల మీద కాగితం పెట్టారు. "మీరు కేసు పెడితే నన్ను సాక్షిగా పిలుస్తారు. అక్కడా ఇదే చెప్తాను. పెట్టకపోతే, ఈ పేరు మొత్తం మార్చి ఇచ్చి వెళ్తాను."

బహ్గత్ గారు ఆ కాగితం రెండుసార్లు చదివారు. హాజ్ మస్ఊద్ గురించి అడిగారు, బాగానే ఉన్నాడా అని. నిన్నే ఇంటికెళ్లాడని చెప్పాను. చివరికి, "పండగలయ్యే లోపు మార్చండి. ఆ తర్వాత, థర్వత్ గారూ, మీరు జూన్‌లోనే విశ్రాంతి తీసుకోండి," అన్నారు.

బయటికొచ్చాక నాకు ఏడుపు ఆగలేదు. ఉస్తాద్ నన్ను చూసి, "ఏడవకే పిచ్చిదానా. ఉపవాసంలో కన్నీళ్లు కారిస్తే దాహమేస్తుంది," అన్నారు.


మార్చి 6

పాత పేరు తీసేస్తాం సరే, కొత్త పేరు ఏం పెట్టాలి? నేనొక పేరు చెప్పాను, ఎవరూ కొననంత వికారమైనది. ఉస్తాద్ తల అడ్డంగా ఊపారు. "మళ్లీ అదే పని. ఇవాళ ఎవరికీ అక్కర్లేని పేరు రేపు ఎవరికో ముద్దొస్తుంది. ఈసారి ఎవరూ కొనలేని పేరు పెడదాం."

ఉందట అలాంటిది. లోకంలో పేర్లన్నిటి లెక్కా చూసే పెద్దలు కిందటేడు కూర్చుని, 'ఇంటర్నల్' అనే తోకని ఎప్పటికీ ఎవరికీ అమ్మకూడదని తీర్మానించారట. ఎవరి గోడల లోపల వాళ్లు వాడుకోవచ్చు. మేమూ పెట్టుకోవచ్చు, పక్కూరి ఆసుపత్రీ అదే పేరు పెట్టుకోవచ్చు. గేటు బయట దానికి దారే ఉండదు. ఇంటి నుంచి ఎవరైనా పొరపాటున ఆ పేరుకి ఉత్తరం రాస్తే అది ఎవరింటికీ పోదు. అలాంటి ఇల్లు లేదని వెంటనే తిరిగొస్తుంది. లామియాకి ఆ రోజు అలా తిరిగొచ్చి ఉంటే ఇంకెవరికైనా ఫోన్ చేసుకునేది.

"వక్ఫ్ బావి లాంటిది, తల్లీ," అన్నారు ఉస్తాద్. "అమ్మరు, కొనరు, వారసత్వంగా పోదు. దాహమేసినవాళ్లు తాగి వెళ్తారు."

ఇంటికొచ్చాక కూడా అదే ఆలోచన. పేర్లు అమ్ముకునే చోట కూర్చుని, ఒక్క పేరుని పక్కకి తీసి, ఇది అందరిదీ కాబట్టి ఎవరిదీ కాదు అని పెట్టడం. బహుశా దాని మీద ఏళ్ల తరబడి వాదించుకుని ఉంటారు. కాఫీలు చల్లారిపోయి ఉంటాయి. ఆ గదిలో కూర్చున్నవాళ్లకి హాజ్ మస్ఊద్ ఎవరో తెలియదు. తెలియకుండానే ఆయనలాంటివాళ్ల కోసం ఆ పని చేశారు.


మార్చి 18

డాక్టర్ ఇన్షిరాహ్ ఉపవాసం విడవడానికి మమ్మల్నిద్దరినీ పిలిచింది. ఉస్తాద్ మొదటిసారి ఆవిడని చూడటం. గుమ్మంలోనే, "క్షమించమ్మా, మీ పేరు నేను దొంగిలించాను," అన్నారు.

"ఇన్నాళ్లూ వాడుకున్నారుగా, అద్దె కింద ఈ ఖర్జూరాలు అటు మోయండి," అందావిడ.

ఆవిడ చేసిన బాతు వేపుడు తిని ఉస్తాద్ మాట్లాడటం మానేశారు. రిపోర్టు గురించీ లాయరు గురించీ ఇవాళే ఆవిడకి చెప్పాను. విని, "మరి ముందే చెప్పలేదేం?" అంది.

"భయపడతారేమోనని."

"నేనా, నువ్వా?"

నేను బాతు కాలు ఇంకోటి వేసుకున్నాను.

మేం మార్చేదాకా పాత ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. రోజూ పొద్దున, సాయంత్రం వరస చూసి, అర్జెంటువి నాకు ఫోన్లో చెప్తానంది. మీ డైరెక్టరు అడిగాడా అని ఒక్క మాట అనలేదు.


ఏప్రిల్ 10

యంత్రాల పేర్లు మారుస్తున్నాం. ఇంకా మారుస్తున్నాం. వేలిముద్రలు అరిగిపోయాయి.

సఫియ్యా: "ఇంజనీరమ్మా, పేరు మారిస్తే నా ప్రింటరు నా మాట వింటుందా?" నిన్నా ఇదే అడిగింది.


ఏప్రిల్ 21, సోమవారం, షమ్ అల్-నసీమ్

ఇవాళ వసంత పండగ, ఊరంతా సెలవు. జనమంతా చెరువు గట్టున, కాలువ గట్టున. రంగు గుడ్లు, ఉల్లికాడలు, ఊరబెట్టిన చేపలు. ఓపీ మూసి ఉంటుంది కాబట్టి పాత పేరుని పూర్తిగా తీసేసే పని ఇవాళే పెట్టుకున్నాం. పొద్దున్నే తీసేశాం. అన్నీ కొత్త పేరుతో పలికాయి. ఉస్తాద్ చేతులు పైకెత్తి చిన్నపిల్లాడిలా ఒక గుండ్రం తిరిగారు.

పదకొండు దాటాక ఎమర్జెన్సీకి ఒక కుటుంబం వచ్చింది. నలుగురు. తిన్న ఊరచేప పాడైంది. తల్లికి కనురెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. ఎమర్జెన్సీ డాక్టరు రక్తపరీక్షలు పంపాడు. ఫలితాలు రావడం లేదు. ల్యాబ్‌వాళ్లు పంపేశామంటారు, ఎమర్జెన్సీవాళ్లు రాలేదంటారు. మధ్యలో ఎక్కడో ఒక యంత్రం ఇంకా పాత పేరుని పట్టుకుని వేలాడుతోంది. ఏదో తెలియదు. ల్యాబ్‌లో గదినిండా యంత్రాలు.  ఉస్తాద్ ఒక్కోదాన్నీ తెరుస్తున్నారు, కంగారు లేకుండా, కానీ చెమటతో చొక్కా తడిసిపోయింది.

ఫోన్ మోగింది. డాక్టర్ ఇన్షిరాహ్.

"రావియా, నాకేదో తలుపు చప్పుడవుతోంది. అన్నీ మారిపోయాయన్నావుగా? ఒకడు మాత్రం గంట నుంచి నన్నే పిలుస్తున్నాడు."

"ఎవడు డాక్టరమ్మా? పేరు చెప్పండి, పేరు!"

"ఉండు, కళ్లజోడు పెట్టుకోనీ. ల్యాబ్... అడ్డగీత... రక్తం... రెండు. వీడెవడో మొండివాడు, ఆగకుండా కొడుతున్నాడు."

మూలనున్న పాత యంత్రం. ఎవరో ఎప్పుడో లోపల చేత్తో పేరు రాసి మర్చిపోయారు. ఆసుపత్రిలో పాత పేరు దొరక్క, గోడ దాటి బయటికి పోయి, నెఫీషాలో ఆవిడ తలుపు కొడుతోంది. ఉస్తాద్ వెళ్లి దాని ముందు కూర్చున్నారు. ఆవిడ ఫోన్ పెట్టెయ్యలేదు.

"ఇంకా కొడుతున్నాడా అమ్మా?" ఉస్తాద్ కేకేశారు.

"కొడుతున్నాడు."

"ఇప్పుడు?"

"కొడుతు... ఆగాడు. ఆగిపోయాడు. ఏం చేశావయ్యా వాణ్ణి?"

అదే క్షణంలో, సెలవని ఇవాళ ఎమర్జెన్సీలో డ్యూటీ పడ్డ సఫియ్యా అరుపు: వచ్చాయ్, వచ్చాయ్. తల్లిని ఐసీయూకి మార్చారు. మందు కైరో నుంచి తెప్పిస్తున్నారు. పిల్లలు నిలకడగా ఉన్నారు.

 ఫోన్‌లో గేదె అరుస్తోంది. ఉస్తాద్ ఫోన్ తీసుకుని, చాలా మెల్లగా, "డాక్టర్ ఇన్షిరాహ్, మీ సెలవు రోజు పాడుచేశాం," అన్నారు. ఆవిడ ఏమందో నాకు వినబడలేదు. ఆయన మాత్రం గట్టిగా నవ్వారు, ఫిబ్రవరి తర్వాత మొదటిసారి.


ఏప్రిల్ 22

నిద్రపోయాను. రోజంతా.


ఏప్రిల్ 24

ఆ తల్లికి కళ్లు తెరుచుకున్నాయి. భర్త వార్డంతా బిస్కెట్లు పంచాడు.

బహ్గత్ గారు కనబడి తల ఊపారు. అది థాంక్స్ అనుకుంటున్నాను. జూన్ సంగతి మారలేదు. ఉస్తాద్ బల్ల సొరుగులు సర్దడం మొదలుపెట్టారు. ఇంకా నెల పైన ఉందిగా అంటే, మిఠాయిలు ఎక్కువున్నాయి, అవి ఖాళీ చెయ్యడానికే టైం పడుతుంది అన్నారు.

నాకు కోపంగా ఉంది. ఆయనకి లేదు. ఎలా లేదో నేర్చుకోవాలి.


ఏప్రిల్ 28

డాక్టర్ ఇన్షిరాహ్ ఫోన్ చేసింది. ఏదో యంత్రం మళ్లీ తట్టిందేమోనని గుండె ఆగినంత పనైంది.

"ఏం లేదే, ఊరికే చేశాను. వారమైంది, ఒక్క ఉత్తరం రాలేదు మీ దగ్గర్నుంచి. ఒక్కటి కూడా."

"అదే కదా కావాల్సింది, డాక్టరమ్మా."

"కాదని ఎవరన్నారు. పొద్దున్నే టీ తాగుతూ వరస చూడటం అలవాటైపోయింది. మీ పళ్ల డాక్టరుకి సెలవు దొరికిందా? ఆ సఫియ్యా పిల్లకి కొత్త ప్రింటరు ఇచ్చారా? లోపల చదవలేదే, పైన వరసే. ఇప్పుడు తెరిస్తే బీమా కంపెనీవాళ్లు, దాణా అమ్మేవాళ్లు. సరే, ఉంటా, గాడిద ఎదురుచూస్తోంది."

పెట్టేసింది.  బయట ఫెర్రీ కూత వినిపిస్తోంది. రిఫ్అత్ డ్యూటీ దిగే వేళ.

తర్వాత కంప్యూటర్ తెరిచాను. సఫియ్యాకి కొత్త ప్రింటరు వచ్చిందనీ, దాని మీద కూడా తిడుతూనే ఉందనీ రాశాను. హాజ్ మస్ఊద్ నిన్న చెకప్‌కి వచ్చి, తనని బతికించిన గేదెల డాక్టరు ఇల్లెక్కడని అందరినీ అడిగాడనీ, నేనే దారి చెప్పాననీ రాశాను. మళ్లీ శుక్రవారం ఉస్తాద్‌నీ రిఫ్అత్‌నీ తీసుకుని వస్తాననీ, బాతు వద్దనీ, ఆ తర్వాత ఆ వద్దు కొట్టేసి, బాతు కావాలనీ రాశాను.

చిరునామా దగ్గర హుద్‌హుద్ డాట్ క్లినిక్ అని కొట్టాను. మా ఆసుపత్రి నుంచి ఆ పేరుకి ఆవిడ కోసమే, కావాలని రాసిన మొదటి ఉత్తరం ఇదే.

తిరిగి రాలేదు. చేరింది.